గుంపులో బండి నడిపే బిడ్డకు

బిడ్డా, ఆదివారాలు నువ్వు జనగామ నుంచి, నీ దోస్తులు మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి బయలుదేరి హైదరాబాద్ శివార్లలో కార్టింగ్ ట్రాక్‌కు పోతున్నారని మీ అమ్మ చెప్పింది. ఆమెకు గుబులుగా ఉంది. నేనైతే పొమ్మనే అంటాను. అది మంచి ఆట. కంటికి చురుకు, చేతికి నిదానం రెండూ నేర్పే ఆట. కాకపోతే, పోయేముందు పెద్దవాడిగా నా నాలుగు మాటలు విని పో.

ఇది కలిగినోళ్ళ ఆట అని ఎవరన్నా అంటే పట్టించుకోకు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, గడ్డి కోసే యంత్రం ఇంజిన్ బిగించి మొదటి కార్ట్ తయారుచేశాడు. పుట్టుకతోనే ఇది సామాన్యుడి బండి. ఇప్పుడు నువ్వు అద్దెకు తీసుకునే కార్ట్‌లలో ఎక్కువగా ఉండేది 270 సీసీ హోండా ఇంజిన్. బలం తొమ్మిది హార్స్‌పవర్. అందరి బండీ ఒకటే కాబట్టి ఎవడూ ఎవణ్ణీ వదిలించుకుని దూరం పోలేడు. ఎనిమిది, పది బండ్లు ఒకదాని వెనక ఒకటి, ఒక్కోసారి పక్కపక్కనే, గుంపుగా తిరుగుతుంటాయి. ఆ గుంపులో ఎలా నడుచుకోవాలో చెప్పడానికే ఇదంతా.

గుంపులో మర్యాద పాటిస్తే వెనకబడిపోతామని నీ ఈడు పిల్లలు అనుకుంటారు. అది తప్పు. అమెరికాలో డేటోనా లాంటి పెద్ద కార్ల ట్రాక్ మీద కూడా కార్ట్ పందేలు జరుగుతాయి. అక్కడి పొడవాటి దారిలో ముందు బండి గాలిని చీలుస్తుంటే వెనక బండి దాని చాటున పోతుంది. ఒంటరిగా పోయే బండి కంటే అలా కలిసి పోయే రెండు బండ్లకే వేగం ఎక్కువ. మన చిన్న ట్రాక్ మీద గాలి చాటు లాభం తక్కువే, కానీ లెక్క మారదు. ఇద్దరు ప్రతి మలుపులో ఒకరికొకరు అడ్డం పడితే ఇద్దరి వేగమూ చస్తుంది. తొమ్మిది హార్స్‌పవర్ బండికి పోయిన వేగం మళ్ళీ రావాలంటే చాలా దూరం పడుతుంది. ఈలోగా ముందున్నవాడు దూరమైపోతాడు, వెనకున్నవాడు వచ్చి మిమ్మల్ని అందుకుంటాడు. కొన్ని ల్యాప్‌లు కలిసి పోయి, ముందువాణ్ణి అందుకున్నాక పోటీ పడేవాడే తెలివైనవాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. నువ్వు చూసే ఉంటావు. అందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకో. జాగ్వార్ జట్టు మిచ్ ఎవాన్స్ అందరికంటే ముందు వరుసలో, పోల్ నుంచి బయలుదేరాడు. అదే జట్టు శాం బర్డ్ ఒక ఇరుకు మలుపులో లోపలికి దూరబోయి, చక్రాలు బిగుసుకుపోయి జారి, సొంత జట్టువాడైన ఎవాన్స్‌నే గుద్దాడు. ఆ రోజు ఇద్దరూ పందెం పూర్తి చేయలేదు. అదే పందెంలో చివరి ల్యాప్‌లలో జాన్ ఎరిక్ వెర్న్ ముందు, నిక్ కాసిడీ వెనక. వెర్న్ బండిలో కరెంటు తక్కువగా ఉంది, కాసిడీ అంటుకునే వచ్చాడు. ఒకడు తన దారి వదల్లేదు, ఇంకొకడు గుద్దలేదు. సెకను కూడా లేని తేడాతో వెర్న్ గెలిచాడు, కాసిడీ రెండో స్థానంతో పోడియం ఎక్కాడు. ఓర్చుకున్నందుకు అతనికి దక్కింది చిన్నదేమీ కాదు.

గుద్దితే ఎందుకంత ప్రమాదమో బండి కట్టుబడి చూస్తే తెలుస్తుంది. కార్ట్‌కు వెనక ఇరుసు ఒకే కడ్డీ. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు వెనక చక్రం నేల మీద బరువు వదిలేస్తుంది, ఒక్కోసారి పైకే లేస్తుంది. ఆ క్షణంలో వెనక మూల చిన్న దెబ్బ తగిలినా బండి గిర్రున తిరుగుతుంది. తిరిగినవాడు గుంపుకు ఎదురుగా ఆగిపోతాడు. అద్దె కార్ట్‌కు బ్రేక్ కూడా వెనక చక్రాలకే, కాబట్టి మలుపు మధ్యలో గట్టిగా తొక్కినా అదే గతి. వేగం సంగతీ చూడు. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. నీ కన్ను చూసి కాలు కదిలేలోపు పావు సెకను పోతే బండి దాదాపు నాలుగు మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అందుకే నీ ముందున్న బండి బంపర్‌నే చూస్తూ నడపకు. దాని అవతలి బండిని, ఆపై మలుపును చూడు.

కురవి వీరభద్రస్వామి జాతరలో ప్రభ బండ్లు గుడి చుట్టూ తిరిగేటప్పుడు చూడు, వెనక బండివాడు పగ్గాలు బిగబట్టే ఉంటాడు. తన ఎడ్లు ముందు బండి మీదికి పోతే తప్పు తనదేనని వాడికి తెలుసు. ట్రాక్ మీదా బాధ్యత మొదట వెనకున్నవాడిదే. మలుపు మొదలయ్యేసరికి నీ బండి ముక్కు అవతలి బండిలో మనిషి పక్కకు రాకపోతే, ఆ మలుపు వాడిది, నువ్వు తగ్గు. నీ ముక్కు వచ్చిందంటే వాడు నీకు బండి పట్టేంత చోటు వదలాలి. నువ్వు ముందున్నప్పుడు దారి కాచుకోవడానికి ఒక్కసారి పక్కకు జరుగు. అటూ ఇటూ ఊగుతూ అడ్డం పడకు, వెనకవాణ్ణి బెదిరించడానికి ఉత్తుత్తి బ్రేక్ వేయకు. గుద్ది ముందుకు పోయావా, వేగం తగ్గించి వాడి స్థానం వాడికిచ్చెయ్. మొదటి మలుపులోనే పందెం గెలవాలని చూడకు. గుంపు అక్కడే ముడుచుకుంటుంది.

జెండాలను నమ్ము. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నట్టు, ఎవరినీ దాటకూడదు. నీలం జెండా చూపితే నీకంటే వేగంగా వచ్చేవాడు వెనకున్నట్టు. నీ దారిలోనే పోతూ కాస్త వేగం తగ్గించు, ఎటు పోతావో వాడికి తెలిసేలా ఉండు. బండి తిరిగి ఆగిపోతే బ్రేక్ తొక్కి పట్టుకుని చెయ్యి పైకెత్తు. గుంపు దాటిపోయాకే, మార్షల్ చెప్పాకే కదులు. దిగి ట్రాక్ మీద నడవకు. ప్రపంచ కార్టింగ్ పెద్దలే 2015 నుంచి తమ పోటీల్లో, గుద్దితే ముందు బంపర్ కిందికి జారిపోయే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అలా జారిన బండికి సమయం శిక్ష పడుతుంది. పెద్ద పోటీల్లో అంత కట్టుదిట్టం అవసరమైతే మీ ఆదివారం ఆటకు అవసరం లేదా?

హెల్మెట్ పట్టీ బిగించు. మీతో వచ్చే ఆడపిల్లల జుట్టు, చున్నీ లోపలికి దోపించాకే బండి ఎక్కనివ్వు. 2020లో హైదరాబాద్ శివార్లలోనే ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు కార్ట్ చక్రానికి చిక్కుకుని ప్రాణం పోయింది. ఎవరి జుట్టన్నా వదులుగా కనిపిస్తే నువ్వే బండ్లు ఆపించు. ఎవరు నవ్వినా సరే.

ఇక ఇంటి దారి. ట్రాక్ మీద ముందు బండికి అంటుకుని పోవడం అక్కడి నేర్పు. వరంగల్ రోడ్డు మీద అదే పని చేస్తే చావు. అక్కడ ఎదురు బండ్లు వస్తాయి, జెండా ఊపేవాడు ఉండడు. పరకాల దాటి భూపాలపల్లి పోయే దోస్తుకు మరీ మరీ చెప్పు, బొగ్గు లారీ వెనక చాటున పోవద్దని. రోడ్డు మీద పందెం కడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష కంటే నాకు భయం రోడ్డు దాటే ముసలమ్మ గురించి, టైరు బండి తోలుకొచ్చే రైతు గురించి. వాళ్ళు మీ పందెంలో లేరు.

ఈసారి పోయినప్పుడు హెల్మెట్లు పెట్టుకోకముందే అందరూ ఒక మాట అనుకోండి. ఎవడు ఎవణ్ణి తిప్పినా ఆగి స్థానం తిరిగివ్వాలి, పందెం అయ్యాక ఎదురుపోయి చెయ్యి కలపాలి. ఇది నువ్వే మొదలుపెట్టు. నీ పక్కన బండి నడపడానికి నలుగురూ ధైర్యంగా వచ్చారంటే, నేను నిన్ను మంచి డ్రైవర్ అంటాను. చల్లగా పోయి, మంచిగా ఆడి, క్షేమంగా ఇల్లు చేరండి బిడ్డా.