అమ్మానాన్నలకు విమానం టికెట్టు తీసే ముందు

నాయనా,

మీ అమ్మనూ నాన్ననూ డాలస్ పిలిపించుకుంటున్నావనీ, టికెట్లు చూస్తున్నావనీ మొన్న మీ నాన్న చెప్పాడు. మిరపకోతలు అయిపోగానే ప్రయాణమట. చాలా సంతోషం. మామూలు సీటే తియ్యాలా, ఇంకాస్త డబ్బు కట్టి మంచి సీటు తియ్యాలా అన్నది నువ్వు తేల్చుకోలేకపోతున్నావని కూడా అన్నాడు. “మాకెందుకురా అంత ఖర్చు, ఎక్కడ కూర్చోబెట్టినా వచ్చేస్తాం” అని నీతో అనేశాడట. అమ్మానాన్నలు అలాగే అంటారు. ఆ మాట పట్టుకుని నువ్వు నిర్ణయం చెయ్యొద్దు. మన చందర్లపాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళతో మాట్లాడి, నాకు తెలిసింది కలుపుకుని నాలుగు మాటలు చెబుతాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. పదహారు గంటల విమానంలో నడవ పక్క సీటుకు కట్టే డబ్బు మంచి ఖర్చు. నాలుగు గంటల విమానంలో సీటు కోసం కట్టేది చాలావరకు దండగ. ప్రీమియం ఎకానమీ, బిజినెస్ క్లాసుల సంగతి వాళ్ళ ఒంటిని బట్టీ నీ జేబును బట్టీ చూసుకో. అప్పు చేసి మాత్రం ఏదీ కొనొద్దు.

ముందు వాళ్ళ ప్రయాణం ఎంతో లెక్క కట్టు. టికెట్టు మీద హైదరాబాద్ అని ఉంటుంది గానీ వాళ్ళ ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది. నందిగామ వెళ్ళి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. చిల్లకల్లు టోల్‌గేటు, కోదాడ, సూర్యాపేట, చౌటుప్పల్ దాటి, పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరేసరికి కారులో నాలుగైదు గంటలు. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాలి. దుబాయ్‌కో దోహాకో వెళ్ళే విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో లేస్తాయి. అది నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. దిగాక మళ్ళీ మూడు నాలుగు గంటలు ఎదురుచూడాలి. ఆ తర్వాత డాలస్‌కు సుమారు పదహారు గంటలు. అంతా కలిపితే ముప్పై గంటలు దాటుతుంది. అసలు పెద్ద విమానం ఎక్కే సమయానికే వాళ్ళకు ఒక రాత్రి నిద్ర పోయి ఉంటుంది.

అందుకని మొదటి ఖర్చు సీటు మీద పెట్టకు, నిద్ర మీద పెట్టు. ముందు రోజే హైదరాబాద్ చేర్చు. చుట్టాలింట్లోనో, శంషాబాద్ దగ్గర ఒక గదిలోనో పగలంతా పడుకుని లేచి విమానాశ్రయానికి వెళ్ళమను. ఆ గది అద్దె వాళ్ళకు ఇచ్చే సుఖం, చిన్న విమానంలో ఏ సీటు కొన్నా రాదు. రెండో ఖర్చు దారి మీద పెట్టు. రెండు చోట్ల విమానం మారే చవక టికెట్టు కన్నా, ఒక్కచోటే మారే టికెట్టు కొంచెం ఎక్కువైనా అదే తియ్యి. మొత్తం ఒకే టికెట్టుగా ఉండాలి. వేర్వేరుగా తీస్తే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే నష్టం మనదే. గన్నవరం మనకు సుమారు రెండు గంటల దారే కాబట్టి, అక్కడినుంచి ఢిల్లీ మీదుగా ఒకే టికెట్టు దొరుకుతుందేమో కూడా చూడు. అయితే 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే దారులు కొన్ని పొడవయ్యాయి. మొత్తం గంటలు ఎన్నో, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందో చూసుకునే తియ్యి.

ఇక సీటు. నడవ పక్క సీటు ఎందుకంటున్నానో చెబుతాను. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద పరిశోధన చేయించి 2007లో ఫలితాలు ప్రకటించింది. నాలుగు గంటలకు మించి కూర్చుని చేసే ప్రయాణంలో ఆ ప్రమాదం సుమారు రెండింతలు అవుతుందని తేలింది. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది సుమారు 6000 మందిలో ఒకరికి వచ్చేదే కాబట్టి భయపడిపోవక్కర్లేదు. విమానంలోనే కాదు, కారు, బస్సు, రైలు దేంట్లో కూర్చున్నా ఇంతేనని కూడా ఆ పరిశోధన చెప్పింది. అంటే నందిగామ నుంచి శంషాబాద్ దాకా కూర్చున్న గంటలూ లెక్కలోకి వస్తాయి. సూర్యాపేటలో కారు ఆపించి, పది నిమిషాలు నడిచాకే టీ తాగమని చెప్పు.

ఈ జబ్బును చాలామంది ఎకానమీ క్లాసు జబ్బు అంటారు. అమెరికాలోని ఛాతీ వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ పేరుకు ఆధారం లేదని తేల్చింది. చవక క్లాసులో కూర్చున్నందువల్ల ప్రమాదం పెరుగుతుందని రుజువు కాలేదు. కిటికీ పక్క కూర్చున్నవాళ్ళకు మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే వాళ్ళు లేచి తిరగడం తక్కువ. ఖరీదైన క్లాసు కన్నా లేచి నడిచే వీలున్న సీటే మేలన్నమాట. నడవ పక్క సీటు అందుకే.

మీ అమ్మ విషయంలో ఇంకో సంగతి ఉంది. మధ్య సీట్లోనో కిటికీ పక్కనో కూర్చుంటే, బాత్‌రూముకు వెళ్ళాలంటే పక్కవాళ్ళను లేపాలి. నిద్రపోతున్న పరాయి మనిషిని తట్టి లేపడానికి మన ఆడవాళ్ళు మొహమాటపడతారు. లేవక్కర్లేకుండా ఉండాలని మంచినీళ్ళే మానేస్తారు. విమానంలో గాలి తేమ సాధారణంగా 20 శాతం కన్నా తక్కువ ఉంటుంది. నోరు, కళ్ళు ఎండిపోతాయి. బీపీ, షుగరు ఉన్న మనిషి పదహారు గంటలు అలా గొంతు తడుపుకోకుండా కూర్చోవడం మంచిది కాదు. నడవ పక్క సీటు ఇస్తే ఎవరినీ అడగకుండా లేస్తుంది, నీళ్ళు తాగుతుంది, నడుస్తుంది. నువ్వు కట్టే డబ్బుకు అసలు ప్రతిఫలం అదే.

సీటు ఎంచుకునేటప్పుడు ఇలా చూడు. గల్ఫ్ నుంచి అమెరికా వెళ్ళే బోయింగ్ 777లో ఎకానమీ వరుస సాధారణంగా మూడు, నాలుగు, మూడుగా ఉంటుంది. కిటికీ వైపు మూడింటిలో ఇద్దరినీ కూర్చోబెడితే, కిటికీ దగ్గరి మనిషి లేచినప్పుడల్లా వీళ్ళిద్దరూ లేవాలి. మధ్యలో ఉండే నాలుగింటిలో ఒక చివర రెండు సీట్లు తియ్యి. అవతలి ఇద్దరికీ అవతలి నడవ ఉంటుంది. నడవ పక్క సీటు అమ్మకు ఇస్తే వీళ్ళను పరాయివాళ్ళెవరూ లేపరు, నాన్న లేవాలంటే అమ్మను లేపితే చాలు. ఇద్దరికీ మాటిమాటికీ లేవాల్సిన ఇబ్బంది ఉంటే, నడవకు అటొకరూ ఇటొకరూ వచ్చేట్టు రెండు నడవ సీట్లు తియ్యి. బోయింగ్ 787లో, ఎయిర్‌బస్ ఎ350లో వరుస మూడు, మూడు, మూడు. అక్కడా మధ్య వరసే మేలు. ఈ రెండు విమానాలకూ ఇంకో మంచి గుణం ఉంది. మామూలుగా విమానం లోపలి గాలి ఒత్తిడి 8000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటే, వీటిలో 6000 అడుగుల మీద ఉన్నట్టు ఉంటుంది. రేటు దాదాపు ఒకటే అయితే ఈ విమానం ఉన్న దారి ఎంచుకో.

డబ్బు ఎక్కడ వృథా అవుతుందో కూడా చెబుతాను. అత్యవసర ద్వారం పక్క వరుసలో కాళ్ళకు చోటు ఎక్కువే. కానీ అవసరమైతే ఆ తలుపు తెరవగల సత్తువ, సిబ్బంది చెప్పేది అర్థం చేసుకునే భాష ఉన్నవాళ్ళకే ఇస్తారు. వీల్‌చైర్ అడిగినవాళ్ళకు ఇవ్వరు. పెద్దవాళ్ళకని అది కొంటే ఎక్కాక మార్చేస్తారు. క్లాసు మొదట్లో గోడకు ఎదురుగా ఉండే వరుసలో చేతులు ఆనించుకునే కమ్మీలు పైకి లేవవు, ముందు సీటు లేదు కనుక సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, పసిపిల్లల ఉయ్యాలలు కూడా అక్కడే తగిలిస్తారు. నిద్ర కావాల్సిన వాళ్ళకు అది సరైన చోటు కాదు. త్వరగా దిగొచ్చని ముందు వరుసలకు ఎక్కువ తీసుకుంటారు. వీల్‌చైర్ వాళ్ళను ఎలాగూ ఆఖరునే దింపుతారు, మరి ఆ డబ్బు దేనికి? ఆ వీల్‌చైర్ మాత్రం టికెట్టు తీసేటప్పుడే తప్పక అడుగు. శంషాబాద్ నుంచి డాలస్ దాకా ఇంగ్లీషు బోర్డులు చదువుకుంటూ పరిగెత్తే బాధ తప్పుతుంది. దిగడం ఆలస్యమవుతుంది కనుక విమానం మారడానికి మూడు గంటల వ్యవధి ఉండేలా చూడు. గన్నవరం నుంచి హైదరాబాద్ దాకా ఏటీఆర్ విమానం అయితే వరుసకు ఇటు రెండు, అటు రెండే సీట్లు. గంట ప్రయాణం. అక్కడ సీటు కొనాల్సిన పనే లేదు.

లెక్క ఇలా వేసుకో. రానూ పోనూ, ఒకచోట మారే ప్రయాణంలో మనిషికి నాలుగు విమానాలు. ఇద్దరికి ఎనిమిది సీట్లు. పొడుగు విమానాలవి నాలుగే. ఆ నాలుగింటికే కట్టు. మిగతా నాలుగూ వెబ్ చెక్‌ఇన్ తెరిచిన నిమిషంలో ఉచితంగా దొరికినవి పట్టుకో. కట్టే ముందు ఒకటి సరిచూడు. అన్నిటికన్నా చవక రేటులో ఉచితంగా సీటు ఎంచుకునే హక్కు సాధారణంగా ఉండదు. దాని పై రేటులో చాలాసార్లు సీటు, తేదీ మార్పు కలిసి వస్తాయి. ఒక్కోసారి విడిగా నాలుగు సీట్లు కొనడం కన్నా ఆ పై రేటే తక్కువ పడుతుంది. అదనంగా కట్టేదాన్ని గంటలతో భాగించి చూడు. పదహారు గంటల విమానంలో సీటుకు 3200 రూపాయలు అడిగారనుకో, గంటకు 200. మీ అమ్మ హాయిగా లేచి తిరగడానికి అది ఎక్కువ కాదు. అదే సొమ్ము నాలుగు గంటల విమానానికి అడిగితే గంటకు 800. అక్కడ వద్దను. ఏజెంటు దగ్గర తీసినా, పీఎన్ఆర్ తీసుకుని విమాన సంస్థ సైట్లో సీటు నంబరు నీ కళ్ళతో చూసుకో.

పై క్లాసుల సంగతి. ఎకానమీలో ముందు సీటుకూ మన సీటుకూ దూరం 31, 32 అంగుళాలు, సీటు వెడల్పు 17, 18 అంగుళాలు. ప్రీమియం ఎకానమీలో ఆ దూరం సుమారు 38 అంగుళాలు, వెడల్పు 19 అంగుళాల దాకా. సీటు ఇంకాస్త వెనక్కి వాలుతుంది, కాళ్ళకు ఆనిక ఉంటుంది. అయినా పడుకోవడానికి కాదు, కూర్చునే నిద్రపోవాలి. పూర్తిగా పడుకోవాలంటే బిజినెస్ క్లాసే. పన్ను కూడా చూసుకో: ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతం, ఆ పై క్లాసుల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. మోకాళ్ళు పూర్తిగా మడవలేని మనిషికి, బాగా పొడుగరికి, భారీ శరీరం ఉన్నవాళ్ళకు ప్రీమియం ఎకానమీ నిజంగా ఉపయోగం. నడుము ఆపరేషను అయినవాళ్ళకు, కూర్చోలేని నొప్పి ఉన్నవాళ్ళకు బిజినెస్ క్లాసు కొన్నా తప్పులేదు. కానీ అంతకన్నా ముందు అసలు ప్రయాణం చెయ్యొచ్చో లేదో డాక్టరును అడగాలి. కాలికి బిగుతు మేజోళ్ళు తొడగాలా అన్నదీ ఆయనే చెప్పాలి. నాలుగు విమానాలకూ కొనే శక్తి లేకపోతే, రాత్రంతా నడిచే పొడుగు విమానం ఒక్కదానికే కొను. బరువును బట్టి బండి కట్టినట్టు, అవసరాన్ని బట్టి సీటు.

పై క్లాసుకు కట్టాక కింది క్లాసులో కూర్చోబెడితే నోరు మూసుకోకు. దాని మీద మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. 3500 కిలోమీటర్లు దాటిన అంతర్జాతీయ ప్రయాణంలో అలా జరిగితే పన్నులతో సహా టికెట్టు ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. మీ అక్క పిల్లలతో మన దేశపు విమానంలో వచ్చినా గుర్తుంచుకో: 12 ఏళ్ళ లోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లి పక్కనో తండ్రి పక్కనో సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. విడదీస్తారేమోనన్న భయంతో డబ్బు కట్టక్కర్లేదు.

చివరగా ఒక మాట. మీ అమ్మానాన్నలను “ఏ సీటు కావాలి?” అని అడగకు, “ఏదైనా ఫరవాలేదు” అంటారు. “మోకాలు ఎంతసేపు మడిచి ఉంచగలవమ్మా? రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నావు నాన్నా?” అని అడుగు. జవాబు నిజంగా చెబుతారు, సీటు దానంతట అదే తేలుతుంది. ఎంత పెట్టావో వాళ్ళకు చెప్పకు, చెబితే ప్రయాణమంతా అదే బెంగ. పక్కింటివాళ్ళు బిజినెస్ క్లాసులో పంపారని నువ్వు పోటీ పడొద్దు, డబ్బుంటే వాళ్ళ ఒంటికి కావాల్సిన చోట వెనకాడొద్దు. గల్ఫ్ నుంచి డాలస్‌కు వెళ్ళే విమానంలో, తిరిగొచ్చే విమానంలో మధ్య వరస చివర రెండు సీట్లు ఈ వారంలోనే పట్టు. ఆలస్యం చేస్తే ముందు అయిపోయేవి అవే.