ఇంటి మనిషికి సెలవెక్కడిది?

కువైట్‌లో ఉద్యోగం చేసుకునే నాలాంటి వాళ్ళకి కొత్త క్యాలెండర్ రాగానే మొదటి పని సెలవులు లెక్కపెట్టుకోవడం. ఫిబ్రవరి 25 జాతీయ దినం, 26 విమోచన దినం. ఇవి కదలవు. పండగలు కదులుతాయి. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన పంచాంగంలో లాగా అధికమాసం వేసి దాన్ని ఋతువుకి కట్టెయ్యరు. అందుకే 2000లో ఈదుల్ ఫితర్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి వచ్చింది. నెలవంక కనిపించేదాకా పండగ ఖాయం కాదు. అయినా మేం నెలల ముందే టికెట్లు కొనుక్కుంటాం. ఒక రోజు అటూ ఇటూ అయితే విసుక్కుంటాం.

అసలు రాబోయే ఏడాదిని ముందు పరుచుకుని, ఫలానా రోజులు నావి అనుకోగలగడం ఎవరికి సాధ్యం?

2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఏడాదికి 13 రోజులు వేతనంతో కూడిన సెలవులిచ్చింది. రంజాన్ నెలలో పనిగంటల్ని వారానికి 48 నుంచి 36కి తగ్గించింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని మాత్రం తన పరిధిలోంచి తప్పించింది. వాళ్ళలో కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆఫీసు గంటలు తగ్గే ఆ నెలలోనే వంటింటి గంటలు పెరుగుతాయి. సాయంత్రం ఇఫ్తార్, రాత్రి గబ్గా విందులు, తెల్లవారకముందే సహరీ. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకామె నాతో అంది: "పండగొస్తాందంటే బయమైతాదక్కా. పండగ వాళ్ళది, అంట్లు నాయి."

పండగనాడు ఎవరో ఒకరు పనిచెయ్యాలి కదా అనొచ్చు. నిజమే. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు కూడా ఈద్ రోజున డ్యూటీ చేస్తుంది. కానీ ఆ రోజుకి రెట్టింపు వేతనం, బదులుగా మరో సెలవు ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. కనుక అన్యాయం పండగనాడు పనిచెయ్యడంలో లేదు. ఆ పని లెక్కలోకి రాకపోవడంలో ఉంది. 2015లో ఇంటిపనివాళ్ళకి వేరే చట్టం వచ్చింది. పని రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికొక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజుల సెలవు. మంచి అడుగే. అయితే మూసిన తలుపు వెనక గంటలు లెక్కపెట్టేదెవరు? ఈ దేశంలో తన ఉనికి మొత్తం కఫీల్ చేతిలో ఉన్న మనిషి ఆ ఒక్క రోజు ఏ నోటితో అడుగుతుంది?

ఇదంతా ముస్లిం దేశాల వ్యవహారమని తీసిపారెయ్యడం తేలిక. సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర కూర్చున్న అమ్మకి ఏ రోజు సెలవు? అలాగని ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం. అమ్మకి ఆ ఇంట్లో పేరుంది, పిల్లలున్నారు, అలిగే హక్కయినా ఉంది. ఖద్దామాకి పిల్లలు సముద్రానికి అవతల ఉన్నారు. ఇద్దరినీ కలిపేది ఒక్క మాట. "ఆమె మా ఇంటి మనిషే" అంటాం, ప్రేమగానే అంటాం. కానీ ఆ మాటతోనే పని సేవ అయిపోతుంది, విశ్రాంతి దయ అయిపోతుంది. దయ యజమాని మనసుని బట్టి మారుతుంది. హక్కు అలా మారకూడదు.

ఆమెకి కావలసింది ఇంటి మనిషి హోదా కాదు. తనదని ముందే తెలిసిన ఒక రోజు.