మూసారాం ఇంటిపేరు

మొన్న మా అమ్మాయి పెళ్లి రిజిస్ట్రేషన్ కాగితాలు ముందేసుకుని, "అమ్మా, ఇంటిపేరు నాదే ఉంచుకోవాల్నా, మార్చాల్నా?" అని అడిగింది. జవాబు తోచక నిలబడిపోయాను. ఈలోగా పొయ్యి మీద పోపు మాడింది!

నాకూ ఒకప్పుడు వేరే ఇంటిపేరు ఉండేది. శామీర్‌పేట. తాతలెవరో ఆ చెరువు కింది పొలాలు వదిలి మేడ్చల్ చేరారట. ఊళ్లోనే ఉంటే ఆ ఊరిపేరుతో మనల్ని ఎవరు పిలుస్తారు చెప్పండి? ఊరు వదిలాకే అది ఇంటిపేరవుతుంది. మా నాన్నకు ముగ్గురం ఆడపిల్లలమే. "ఈ పేరు నాతోనే ఆఖరు" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వు రాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలింటికి మెట్రోలో వెళ్లేటప్పుడు మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. ఈ మూసారాం ఎవరనుకున్నారు? అచ్చమైన ఫ్రెంచివాడు! 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీఖాన్ కొలువులో సేనాపతిగా ఎదిగి, 1798లో కన్నుమూసిన రేమండ్. 'మొస్యూ రేమండ్' అనడానికి మనవాళ్ల నాలుక తిరక్క, హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసారహీం అయ్యాడంటారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. ఆ పేరును ఇక్కడ నిలబెట్టింది కొడుకులూ మనవలూ కాదు. దాన్ని సరిగా పలకడం కూడా రాని జనం.

ఆయన పోవడానికి నాలుగేళ్ల ముందు, 1794లో, ఫ్రాన్సులో ఓ చట్టం వచ్చింది. పుట్టినప్పుడు రాసిన పేరు తప్ప మరొకటి ఎవరికీ ఉండకూడదని. అందుకే అక్కడ పెళ్లయిన స్త్రీ భర్త పేరు వాడుకుంటే వాడుకోవచ్చు గానీ, చట్టం లెక్కలో ఆమె పుట్టింటి పేరు చెరగదు. భలే అనుకున్నాను. కానీ ఆ పేరును తన పిల్లలకు ఇచ్చుకునే వీలు 2005లో గానీ రాలేదట! అంటే రెండువందల ఏళ్లు అక్కడా అంతే. పేరు ఆమెకు మిగిలింది గానీ, ఆమెతోనే ఆగింది.

మరి పేరు మారితే మనిషికి పోయేదేమిటి? రేమండ్ పేరూ మారిందిగా! నిజమే. కానీ ఆయన పేరు జనం నోట్లో, వాళ్ల చనువు కొద్దీ మారింది. నాది ఒకే ఒక్క సంతకంతో మారింది. మార్చమంటావా అని నన్నెవరూ అడగలేదు. మార్చనని నేనూ అనలేదు. అడక్కపోవడం వాళ్ల తప్పయితే, అడగలేదని తోచకపోవడం నాది. అందుకే మా అమ్మాయితో, "ఏది రాసినా సరే, నువ్వు ఆలోచించి రాయి. అలవాటుగా మటుకు రాయకు" అన్నాను.

కిందటి వారం మేడ్చల్ వెళ్లాను. ముప్పై ఏళ్లుగా చూస్తున్న కూరగాయల అవ్వ నన్ను చూడగానే, "శామీర్‌పేటోళ్ల బిడ్డా, ఎప్పుడొచ్చినవ్?" అంది. నా ఇంటిపేరు మారిన సంగతి ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు.

నేనూ చెప్పలేదు. బీరకాయలు కిలో ఎక్కువే తీసుకున్నాను.