చదివే నోరు, అడిగే నోరు

మన సవర ఇళ్లలోకి కాగితం మొదట దేవుడి మాటగా రాలేదు. షావుకారి అప్పు పత్రంగా వచ్చింది. అందులో ఏం రాసి ఉందో మనకు తెలియదు, కింద వేలిముద్ర మాత్రం మనది. ఆ తర్వాత బడి పుస్తకం వచ్చింది, ప్రార్థన పుస్తకం వచ్చింది. ఇప్పుడు సాయంత్రం పూట ఇంట్లో ఒకరు పుస్తకం విప్పి చదువుతారు, మిగతావాళ్లు నోరు మెదపకుండా వింటారు. ఆ మౌనం భక్తి వల్ల వచ్చిందా, కాగితం ముందు మనకున్న పాత భయం వల్ల వచ్చిందా? ఈ ప్రశ్న మనమే వేసుకోవాలి.

మన భాష ఒకటే, లిపులు మాత్రం నాలుగైనాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, మన పిల్లలకు వాచకాలు రాశారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. అంతకు రెండేళ్ల ముందు, 1936లో, గుణుపురం వైపు మంగేయి గొమాంగో సొరా సొంపెంగ్ లిపిని తెచ్చారు. అందులో 24 అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవత పేరు. ఆ దారిలో నడిచేవాళ్లకు అక్షరమే దేవుడు, దానికే పూజ. ఒడిశాలోని క్రైస్తవ సవరలు రోమన్ లిపిలో బైబిల్ చదువుకుంటారు, అక్కడి బడి పిల్లలకు ఒడియా లిపి. మన వైపు, 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యలో, పిల్లలకు తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి.

దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. కొండకు అటు ఒక అన్న, ఇటు ఒక తమ్ముడు. ఒకే మాట మాట్లాడతారు, కానీ ఒకరి పుస్తకం ఒకరు చదవలేరు. గట్టిగా చదివితే మాత్రం ఇద్దరికీ తెలుస్తుంది. అంటే మన ఇళ్లలో పుస్తకం ఇంకా నోటి మీదే బతుకుతోంది. ఒకరు చదవాలి, పదిమంది వినాలి. కాబట్టి ఏం చదువుతున్నాం అన్నదానితో పాటు, ఎలా చదివి వినిపిస్తున్నాం అన్నదీ ధర్మానికి సంబంధించిన విషయమే.

పుస్తకం లేని రోజుల్లోనూ మనకు విశ్వాసం ఉంది. చనిపోయినవాళ్లు కుడన్ మీదికి వచ్చి, ఆమె నోటితో మాట్లాడేవాళ్లు. పియర్స్ విటెబ్స్కీ అనే ఆయన 1975 నుంచి ఒడిశా సవర ఊళ్లకు వచ్చి, ఉండి, ఆ మాటలన్నీ విని, 1993లో ఒక పుస్తకం వేశారు. చనిపోయినవారితో సంభాషణలు అని దాని పేరుకు అర్థం. సంగతంతా ఆ పేరులోనే ఉంది. పోయినవాడు చెబుతుంటే ఉన్నవాడు ఊరికే వినేవాడు కాదు, ఎదురు అడిగేవాడు. నీకు దున్నను ఇచ్చాం, రాయి నిలబెట్టాం, మరి ఈ పసివాణ్ణి ఎందుకు పట్టుకున్నావని నిలదీసేవాళ్లు. ఏడుపు, తిట్టు, నవ్వు అన్నీ అక్కడే. అక్షరం రాని ముసలమ్మకు కూడా ఆ మాటలో వంతు ఉండేది.

ఆ పాత పద్ధతిని మనం ఆకాశానికి ఎత్తనక్కరలేదు. దున్న కొనడానికి అప్పు, అప్పు తీర్చడానికి పొలం. చాలా ఇళ్లు అలా చితికిపోయాయి. కొత్త ప్రార్థన ఆ ఖర్చును తప్పించింది, సారాను మాన్పించింది, పిల్లల్ని బడికి పంపించింది. సొంపెంగ్ దారివాళ్లూ బలిని, సారాను విడిచిపెట్టారు. చదువు వచ్చినవాడు అప్పు పత్రం మీద ఏముందో చూసుకోగలిగాడు. ఈ మేలును కాదంటే అబద్ధమవుతుంది.

అయితే మేలుతో పాటు ఒక ఎక్కువతక్కువ కూడా ఇంట్లోకి వచ్చింది. చదివినవాడు దేవుడికి దగ్గర, చదవనివాడు దూరం అన్నట్టు అయింది. ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. కొడుకు వాక్యం చదువుతున్నాడు, నమ్మినవారికి దక్కే లోకం గురించి. విని విని తల్లి అడిగింది: ‘‘మరి మీ అయ్య ఎక్కడున్నట్టురా?’’ ఆ అయ్య ప్రార్థన ఊళ్లోకి రాకముందే పోయాడు. కొడుకు, ‘‘అలాంటివి అడక్కూడదమ్మా’’ అని పేజీ తిప్పేశాడు. ఆ తల్లి మళ్లీ అడగలేదు. రోజూ వచ్చి కూర్చుంటుంది, వింటుంది. ఆమె మొగుడి సంగతి మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకప్పుడు కుడన్ దగ్గర కూర్చుని అతనితోనే మాట్లాడిన మనిషి ఆమె.

కొడుకు దగ్గర జవాబు లేకపోవడం తప్పు కాదు. పెద్ద చదువులు చదివిన పాస్టర్లకూ అది కష్టమైన ప్రశ్నే. అడగొద్దనడమే తప్పు. అతను చదువుతున్న పుస్తకంలోనే యోబు ఉన్నాడు. పిల్లలు పోయి, ఆస్తి పోయి, ఒళ్లంతా పుండ్లై, బూడిదలో కూర్చుని దేవుణ్ణే ఎందుకని అడిగాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు దేవుడి తరఫున వాదించారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. యోబు నోటిని పుస్తకం మూయలేదు. మరి మన ఇంటి ముసలమ్మ నోరు మూయడానికి మనమెవరం?

అడగనిస్తే నమ్మకం సడలిపోతుందని కొందరి భయం. మన అనుభవం అలా చెప్పదు. తరతరాలుగా మన పెద్దలు పోయినవాళ్లతో పోట్లాడుతూనే వాళ్లను నమ్మారు. పోట్లాట ఆగినచోట నమ్మకం గట్టిపడుతుందని లేదు, ఒక్కోసారి అక్కడ మిగిలేది ఒంటరితనమే.

పుస్తకాన్ని ఇంట్లో పంచుకోవడం అంటే అంబలి పంచుకున్నట్టు ఉండాలి. అంబలి పోసేవాడు తినేవాళ్ల మీద పెత్తనం చెయ్యడు. ఉప్పు చాలలేదంటే వింటాడు. అలాగే చదివేవాడు ఒక పేజీ చదివి ఆగాలి. వినేవాళ్లను, ముందుగా చదువు రానివాళ్లను, ఏమనిపించిందో అడగాలి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పాలి. బైబిల్ చదివే ఇంట్లోనూ, సొంపెంగ్ అక్షరాలకు దీపం పెట్టే ఇంట్లోనూ, గోడ మీద బొమ్మ గీసి పెద్దలను తలుచుకునే ఇంట్లోనూ ఇదే మర్యాద. మన పిల్లలకు ఇప్పుడు పుస్తకం చదవడం వచ్చింది, మంచిదే. చదివి ఆగి, ఎదుటి మనిషి మాట వినడం కూడా వాళ్లకు మనమే నేర్పాలి. ఆ విద్య మన ముసలివాళ్ల దగ్గర ఇంకా ఉంది. వాళ్లు ఉండగానే నేర్చుకోవాలి.