పథ్యము తిన్నవారికి రోగమేల?

చరకసంహిత సూత్రస్థానము ఇరువదియెనిమిదవ అధ్యాయమున అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయ మహర్షిని ఒక చిక్కు ప్రశ్న అడుగును. హితమైన ఆహారము తినువారిలో ఆరోగ్యవంతులును కలరు, రోగులును కలరు. అహితము తినువారిలోను అట్లే ఉభయులును కనబడుచున్నారు. అట్టియెడ హితాహారము ఆరోగ్యమునకు, అహితాహారము రోగమునకు హేతువని చెప్పుట ఎట్లు పొసగును? ఆయుర్వేదమునకు పునాదియైన మాటనే శిష్యుడు కదలించినాడు. గురువు దానిని త్రోసిపుచ్చలేదు.

ఇది వైద్యులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. నిత్యము దేవతార్చన చేసి, నివేదించినదే భుజించి, ఏకాదశీవ్రతము తప్పని ఇల్లాలు మంచము పట్టినదనుకొందము. చూడవచ్చిన చుట్టములు వీధి అరుగు మీదికి వచ్చి గొంతు తగ్గింతురు. "ఏ జన్మలో ఏమి చేసికొన్నదో" అని ఒకరు. "తిండి విషయమున ఎక్కడనో పొరపాటు జరిగియుండును" అని మరియొకరు. రెండవ మాట శాస్త్రీయముగా వినబడును గాని, మొదటిదానికంటె దయగలది కాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి ప్రబలినపుడు ఇంటింట మిరియాల కషాయము కాగినది, పసుపు కలిపిన పాలు కాగినవి. రోగనిరోధకశక్తి అను మాట పసిపిల్లల నోట సైతము నానినది. ఆ కషాయములు త్రాగినవారిలోను కొందరు తిరిగి ఇల్లు చేరలేదు. వారి బిడ్డలకు "ఇంకను జాగ్రత్తగా ఉండవలసినది" అని చెప్పుటకు ఎవరికి అధికారమున్నది?

ఆత్రేయుని సమాధానము ఇట్టిది. అహితాహారము ఒక్కటియే రోగకారణము కాదు. కాలము వికటించుట, ప్రజ్ఞాపరాధము, ఇంద్రియములు విషయములతో సరికాని రీతిని కూడుట అను ఇతర కారణములును కలవు. ప్రజ్ఞాపరాధమనగా బుద్ధి దారి తప్పి చేయించు తప్పు. ఆ మాటను పట్టుకొని రోగిని దోషిగా నిలబెట్టువారు దాని ప్రక్కనే ఉన్న మొదటి మాటను చదువకుండ దాటివేయుదురు. ఋతువు వికటించుట రోగి చేసిన పని కాదు గదా! అంతటితో మహర్షి ఆగలేదు. అన్ని శరీరములకును వ్యాధిని ఓర్చి నిలుచు శక్తి, అనగా వ్యాధిక్షమత్వము, ఒక్క తీరున ఉండదనెను. మిక్కిలి స్థూలమైనవి, మిక్కిలి కృశించినవి, మాంసము, రక్తము, ఎముకలు పొందిక లేనివి, బలహీనమైనవి, అహితాహారముతో పెరిగినవి, అల్పాహారముతో నెట్టుకొని వచ్చునవి, మనోబలము లేనివి, ఈ శరీరములు రోగమునకు త్వరగా లొంగునని వివరించెను.

ఆధునిక విజ్ఞానము ఈ మాటను తన పరిభాషలో బలపరచుచున్నది. రోగక్రిములను పట్టి బంధించు ప్రతిరక్షకములు మాంసకృత్తులతో నిర్మితమైనవి. పప్పు, పాలు చాలని శరీరమునకు ఆ సరకు కొరవడును. మునగాకు, తోటకూర మొదలైన ఆకుకూరల వలన లభించు ఎ విటమిను కంటిచూపునకే గాక ఊపిరితిత్తుల, ప్రేగుల లోపలి పొరలకును అవసరము. ఉసిరి, జామ ఇచ్చు సి విటమిను లోపించిన చిగుళ్లు చెడి, గాయములు మానవు. గోడకు రాయి, సున్నము అందకున్న నెరియలు విచ్చును. అట్లని వాకిట రాయి గుట్టలుగా పోసినంతమాత్రమున గోడ ఎత్తు పెరుగదు. చాలినంత తినువాడు అంతకు రెండింతలు మ్రింగినచో రెండింతల రక్ష కలుగదు. ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీకి ఏ ఆహారము కొరత? 1774లో ఆయన మశూచితో మరణించెను. ఆ వ్యాధిని భూమిమీద లేకుండ చేసినది టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంగతి ప్రకటించినది. అన్నము చేయవలసిన పని టీకా చేయదు, టీకా చేయవలసిన పని అన్నము చేయదు.

తిన్నంతమాత్రమున చాలదనుటకు తెలుగువారి ఇంటిలోనే ఒక నిదర్శనము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణీవ్యాధి వలన స్వల్పవ్యవధిలో కన్నుమూసిరి. ఆయనకును ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. ఆ వ్యాధి యందు అన్నము లోపలికి పోవును గాని, ప్రేగు దాని సారమును గ్రహింపజాలదు. విస్తరి నిండుగా ఉండగనే దేహము ఆకలితో శుష్కించును. తరువాత అమెరికాలో సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1940వ దశకమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ చికిత్సకు ఉపకరించినది. తన సోదరులు ఏమి తప్పు తినిరని విచారించుచు ఆయన కూర్చుండలేదు.

ఆత్రేయుడు చెప్పిన వానిలో అల్పాహారమను మాట కొంత నిలిచి ఆలోచింపదగినది. ఆ అల్పత్వము ఎవరు కోరినది? ఉపవాసము మనసు కుదిరి చేయునది. పస్తు గతిలేక ఉండునది. రెండింటను కడుపు ఖాళీగానే ఉండును, కాని ఒకటి వ్రతము, రెండవది అన్యాయము. అమితముగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు బోధించెను. ఇంటిల్లిపాదికిని వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో కడపటి ముద్ద తిను తల్లిని ఆమె త్యాగబుద్ధికై పొగడుట అందరికిని తెలియును. ఆమెకు రక్తహీనత కలిగినపుడు ఆ పొగడ్తలో తమ వాటా ఎంత అని ఆలోచించువారు అరుదు. ఐదేండ్లలోపు పిల్లలకు ఆరు మాసములకొకసారి ఎ విటమిను మందు పోయు పథకము మన దేశమున 1970లో ప్రారంభమైనది. రేచీకటి పాలైన ఆ పసివారు ఏ పథ్యమును తప్పిరి? కోనసీమలోని లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండి పెట్టిన డొక్కా సీతమ్మగారు ఆకలిగొన్నవాని పూర్వజన్మను విచారింపలేదు, విస్తరి వేసెను.

శిష్యుని సంశయము తీర్చిన పిదప ఆత్రేయుడు రసము మొదలుకొని ఒక్కొక్క ధాతువు చెడినపుడు కలుగు రోగములను, వాటి చికిత్సలను వరుసగా చెప్పుకొనిపోవును. ఆ జాబితాలో మొట్టమొదట వచ్చునది అన్నముపై అయిష్టము.