ఫాల్సా సీసా

ఫాల్సా పండుకు రేపు అనేది లేదు. పొద్దున కోసింది సాయంత్రానికి మెత్తబడుతుంది. మర్నాటికి తొక్క చిట్లి, రసం కారి, పులిసిన వాసన మొదలవుతుంది. అందుకే అది దూరాలు పోదు, అట్టపెట్టెల్లోకి ఎక్కదు, సూపర్‌మార్కెట్‌ అద్దాల వెనక పెద్దగా కనిపించదు. ఏప్రిల్‌, మే నెలల్లో హైదరాబాద్‌ పాతబస్తీలో లాడ్‌ బజార్‌ మొగదల, చార్మినార్‌కు నాలుగడుగుల దూరంలో, తోపుడు బండి మీద తడి గుడ్డ పరిచి కుప్ప పోసి ఉంటుంది. శనగగింజ కంటే కాస్త పెద్ద పండు. వంకాయ రంగు తొక్క మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొడి. మన గుట్టల మీద పిల్లలు ఏరుకు తినే జానపండ్లకు దగ్గరి చుట్టమే. బండాయన కాగితం పొట్లం చుట్టి, పైన నల్లుప్పు చల్లి, “లేలో అమ్మా, కల్‌ నై మిల్తే” అంటాడు, తీసుకోమ్మా, రేపు దొరకవు అని. బేరం తెగడానికి అందరూ అనే మాటే. ఫాల్సా విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం.

ఇలాంటి పండును ఏం చేయాలన్న ప్రశ్న అన్ని దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండు పల్లెల్లో పొలం గట్ల కంచెలకు బ్లాక్‌థార్న్‌ అనే ముళ్ళపొద పెరుగుతుంది. దాని పండును స్లో అంటారు. నల్లగా, గుండ్రంగా ముద్దొస్తుంది గానీ కొరికితే నోరంతా వగరు. అక్టోబరు, నవంబరుల్లో మంచు తగిలాక వాటిని కోసి, సూదితో పొడిచి, చక్కెరతో కలిపి జిన్‌ అనే మద్యంలో వేసి, మూత బిగించి చీకటి అల్మారాలో పెడతారు. మూడు నెలలకు వగరు దిగి, సీసా అంతా కెంపు రంగు తిరుగుతుంది. చలికాలంలో ఎవరైనా తలుపు తడితే చిన్న గ్లాసులో ఒక గుక్క పోస్తారు. కంచె పండు ఎవరికీ డబ్బులిచ్చి కొన్నది కాదు. ఖర్చయ్యేది జిన్ను, చక్కెర, మూడు నెలల ఓపిక.

మన దగ్గర ఇంట్లో మద్యం చేసుకోవడం అంటే ఇంత ముచ్చటైన సంగతి కాదు. ఆ మాట వింటే తెలుగువాళ్ళకు గుడుంబా గుర్తొస్తుంది, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరు గుర్తొస్తుంది. ఆ పోరే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్ళకే సడలిపోయినా, ఆ పోరు జ్ఞాపకం ఇంకా చల్లారలేదు. ఇప్పటికీ లైసెన్సు లేకుండా ఇంట్లో సారా కాస్తే నేరం. ఆదిలాబాద్‌ గోండుల ఇళ్ళల్లో ఇప్పసారా ముందు దేవుళ్ళకు, తర్వాత మనుషులకు. దాని లెక్క వేరు, దాని మర్యాద వేరు. నగరంలో కూర్చుని దాన్ని అనుకరించబోతే వెగటుగా ఉంటుంది.

పాతబస్తీ ఈ చిక్కును ఎప్పుడో దాటేసింది. జిన్ను చేసే పనిని చక్కెరకు అప్పజెప్పింది.

ఫాల్సా షర్బత్‌ చేసే పద్ధతి పెద్దదేం కాదు. పండ్లను నీళ్ళలో రెండుసార్లు తేల్చి తీయాలి, నానబెట్టకూడదు. వెడల్పాటి గిన్నెలో పోసి, చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర వేసి, చేత్తోనే పిసకాలి. మిక్సీలో వేస్తే గట్టి గింజ నలిగి రసం వగరెక్కుతుంది. కాసేపటికి వేళ్ళ మధ్య గింజలు ఒక్కొక్కటే విడివడి గరగరలాడతాయి, చెయ్యి గోరింట పెట్టుకున్న చెయ్యి అయిపోతుంది. పల్చటి మల్‌మల్‌ గుడ్డలో వడకట్టి, పిండి, వచ్చిన రసాన్ని తూచాలి. దానికి రెండింతలకు కాస్త తక్కువ చక్కెర. చక్కెర కరిగేదాకా సన్నటి సెగ మీద పెడితే చాలు. తెర్లనిస్తే రంగు మట్టిబారుతుంది. ముందే నీళ్ళలో మరిగించి ఆరబెట్టుకున్న గాజు సీసాలో పోసి మూత పెట్టేయడమే.

ఆ చక్కెర కొలత దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. సీసాలో మూడు పాళ్ళకు రెండు పాళ్ళు చక్కెర ఉంటే, అది సూక్ష్మజీవుల ఒంట్లోని నీటిని లాగేసి వాటిని ఎదగనివ్వదు. తగ్గిస్తే తొక్కల మీద నుంచీ గాల్లో నుంచీ వచ్చి చేరే ఈస్ట్‌ మేల్కొంటుంది. ఎండల్లో అయిదారు రోజులు చాలు. మెడ దగ్గర బుడగలు కడతాయి, మూత తిప్పితే ‘టప్‌’మంటుంది, షర్బత్‌ కాస్తా కల్లు దారి పడుతుంది. యునానీ వైద్యం చేసే హకీం గారి అల్మారాకూ కల్లు దుకాణానికీ మధ్య దూరం కొన్ని చెంచాల చక్కెర. ఈ సన్నటి గీత ఎక్కడుందో తెలిసిన హకీములే షర్బత్‌ను మందుల వరసలో నిలబెట్టారు. 1907లో ఢిల్లీలో హకీం హాఫిజ్‌ అబ్దుల్‌ మజీద్‌ తయారుచేసిన రూహ్‌ అఫ్జా అలా వైద్యుడి చేతిలో పుట్టిందే. చార్మినార్‌ పక్కన నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఈ పేటలో, ఫాల్సా ‘ఠండా’, అంటే ఒంటికి చలవ అని ఎవరినడిగినా చెబుతారు.

ఈ షర్బత్‌ను ఇంట్లో ఆరోగ్యం కోసమే చేస్తున్నాం అనేవాళ్ళ మాట నేను నమ్మను. ఇన్ని పాళ్ళు చక్కెర పోసి ఆరోగ్యం అనడం మనల్ని మనం మోసగించుకోవడమే. ఖర్చు కలిసొస్తుందనీ అనలేం, కిరాణా కొట్లో కొన్న సీసాకు ఇంత బాధ లేదు. నాకు తోచిన కారణం ఒకటే. కిలో పండ్లు పిసికితే రెండు సీసాలు కూడా మెడదాకా నిండవు. కొన్నది అయిపోతే ఇంకోటి కొంటాం, కాబట్టి ఎవరికి పోశామో గుర్తుండదు. ఇది అయిపోతే మళ్ళీ వచ్చే ఏప్రిలే. అందుకని సీసా తీసిన ప్రతిసారీ ఎవరి కోసం తీస్తున్నామో ఒక్క క్షణం ఆలోచిస్తాం. సుఖంగా బతకడానికి ఏమేమో కావాలంటారు గానీ, ఇంట్లో ఇలాంటి ఆలోచన పుట్టించే వస్తువు ఒక్కటైనా ఉండటం మంచిదనిపిస్తుంది. ఒక్కటి చాలు. అన్నీ సొంతంగా చేసుకోవాలని కూర్చునేవాళ్ళ ఇంట్లో అతిథికి కుర్చీ కూడా ఖాళీ ఉండదు.

లాడ్‌ బజార్‌లో నిలబడి ఈ మాటలు అనుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ మెరిసే లక్కగాజులకు మూలమైన లక్క కూడా అడవి సరుకే. లక్కపురుగు మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతుకుతుంది. సంక్రాంతికి మన పిల్లల తల మీద పోసే భోగిపళ్ళూ, రేగొడియాలూ ఇచ్చే చెట్టే, ఇంకోచోట గాజుకు లక్కనూ ఇస్తోంది. ఎవరో ఎక్కడో అడవిలో కొమ్మలు విరిచి గీకి తెచ్చినది ఇక్కడ బొగ్గుల కుంపటి మీద మెత్తబడి, కడ్డీగా సాగి, గుండ్రంగా వంగుతుంది. హైదరాబాద్‌ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దుకాణం వెనక గదిలో గాజు చేసే మనిషికి ఆ సంగతి తల్చుకునే తీరిక ఉండదు. లక్క వేడిగా ఉన్నంతసేపే రాయి దిగుతుంది. చల్లారితే మళ్ళీ కుంపటి మీదికే. లక్కకు అలా రెండో అవకాశం ఉంది, ఫాల్సాకు అదీ లేదు.

పోయడం సంగతికొస్తే, ఈ నగరానికి అది బాగా తెలిసిన పని. మొహర్రం రోజుల్లో పాతబస్తీ మలుపుల్లో సబీల్‌ పెట్టి దారిన పోయేవాళ్ళకు నీళ్ళూ షర్బతూ ఇస్తారు. ఎండాకాలం మనం చలివేంద్రం పెడతాం, శ్రీరామనవమికి పందిట్లో మిరియాల పానకం పోస్తాం. రెండుచోట్లా గ్లాసు అందుకున్నవాణ్ణి పేరడిగేవారు లేరు. ఇంట్లో సీసాకు అంత పెద్ద చెయ్యి లేదు గానీ తీరు అదే. మిట్టమధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన గ్యాస్‌ అబ్బాయికి రెండు చెంచాలు, చల్లటి నీళ్ళు, చిటికెడు నల్లుప్పు. మొదటి గుక్కకు పులుపు తగిలి కళ్ళు చికిలిస్తాడు, రెండో గుక్కకు “ఏం పండక్కా ఇది?” అంటాడు.

వానలు పడేసరికి ఫాల్సా బండి కనిపించదు. అప్పుడు వాక్కాయలు దిగుతాయి. ఇదైతే అచ్చంగా కంచె పండే, ముళ్ళు గట్టివని పొలాల చుట్టూ నాటుతారు. మనం పప్పులో వేస్తాం, పచ్చడి నూరుతాం. దాన్నే గింజ తీసి, చక్కెర పాకంలో ఊరేసి, ఎర్ర రంగు పట్టిస్తే బజార్లో చెర్రీ అయి కూర్చుంటుంది. మీఠా పాన్‌ మీద పుల్లకు గుచ్చేదీ, బేకరీ కేకు నడినెత్తిన ఉండేదీ చాలావరకు ఇదే. విదేశీ పండు అని మురిసి తిన్నది మన కంచె మీది వాక్కాయ! ఇంట్లో షర్బత్‌కు ఆ రంగు అక్కర్లేదు, బాగా నల్లబడిన కాయలు ఏరుకుంటే పాకం దానంతటదే ఎర్రబడుతుంది. కాయల్లోంచి కారే జిగురు పాలను మాత్రం, కాయల్ని ఉప్పునీళ్ళలో వేసి ముందే పోగొట్టాలి, లేకపోతే గిన్నె అంచుకు జిగురు పట్టి ఒక పట్టాన వదలదు.