ఎర్ర గడి

చిరంజీవి అమ్మలుకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు మేనేజర్‌వయ్యావని, సోమవారం నుంచి పన్నెండు మంది బాధ్యత నీదేనని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషించాను. ఆ సోమవారం లోపే ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

టీమ్ లీడ్‌నైన మొదటి ఏడాదే నేనొక తప్పు చేశాను. రిలీజ్‌కి పది రోజుల ముందు ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, తన మాడ్యూల్ అప్పటికి పూర్తికాదన్నాడు. ‘ఇప్పుడా చెప్పేది?’ అని అందరి ముందూ కసిరాను. తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ వారం నుంచి నా స్టేటస్ షీట్‌లో, పని వెనకబడిందని చెప్పే ఎర్ర గడి అన్నదే కనిపించలేదు. అన్నీ పచ్చనివే. పనులు దారిలో పడ్డాయని మురిసిపోయాను. క్లయింటు ఎదుట డెమో మూడుసార్లు ఆగిపోయాకగాని తెలియలేదు, అందుకు కారణమైన లోపం సంగతి టీమ్‌లో అందరికీ తెలుసని, తెలియనిది నాకొక్కడికేనని.

చిన్నప్పుడు నేనూ మీ నాన్నా మీ తాతయ్య ముఖం చూసే ప్రోగ్రెస్ కార్డు బయటికి తీసేవాళ్లం. ఆఫీసులో పెద్ద చదువులు చదివినవాళ్లు చేసేదీ అదే.

మైక్రోసాఫ్ట్ సంగతి చూడు. సత్య నాదెళ్ల మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడని గర్వపడతాం. దానికన్నా, 2014 ఫిబ్రవరిలో ఆయన సీఈఓ అయ్యేనాటికి ఆ కంపెనీ లోపల ఏముండేదో నీకు తెలియడం ముఖ్యం. ఏళ్ల తరబడి అక్కడి మేనేజర్లు తమ మనుషులకు ర్యాంకులు వేయాల్సి వచ్చేది. ఇంతమంది మేటి, ఇంతమంది మామూలు, ఇంతమంది పనికిరానివాళ్లు అని ముందే లెక్క. అందరూ బాగా చేసినా ఎవరో ఒకరిని అడుగున పెట్టాల్సిందే. దాంతో మంచి ఇంజనీరు తనలాంటి మరో మంచి ఇంజనీరున్న టీమ్‌లోకి వెళ్లడానికి జంకేవాడు. 2011లో మను కార్నెట్ గీసిన కార్టూన్‌లో మైక్రోసాఫ్ట్ విభాగాలు ఒకదానికొకటి తుపాకులు గురిపెట్టి ఉంటాయి. ఆ బొమ్మ కంటే, తమవాళ్లే దాన్ని నిజమేనని ఒప్పుకోవడం తనను ఎక్కువ బాధించిందని నాదెళ్ల తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాశాడు.

న్యాయంగా చెప్పాలి, ఆ ర్యాంకులను తీసేసింది ఆయన కాదు. 2013 నవంబరులో, స్టీవ్ బాల్మర్ సీఈఓగా ఉండగానే అవి పోయాయి. కాని రూలు పోయినంత మాత్రాన భయం పోదమ్మా. ఏళ్లుగా భయపడ్డవాళ్లు కొత్త సర్క్యులర్‌ని నమ్మరు. పైనున్న మనిషి ఇరుకున పడ్డప్పుడు ఏం చేస్తాడో కనిపెట్టి చూస్తారు.

నాదెళ్లకు ఆ పరీక్ష తొలి ఏడాదే వచ్చింది. 2014 అక్టోబరులో ఫీనిక్స్‌లో కంప్యూటర్ రంగంలోని మహిళల సదస్సు. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లకు ఏం చెబుతారని మరియా క్లావే అడిగితే, అడగనక్కర్లేదు, వ్యవస్థను నమ్మండి అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆమె అప్పట్లో మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు. ఒప్పుకోనని వేదిక మీదే చెప్పింది. ఆ రోజే ఆయన ఉద్యోగులందరికీ మెయిల్ రాశాడు, తన జవాబు పూర్తిగా తప్పని, జీతం పెరగాలనిపిస్తే అడగాల్సిందేనని. నేననుకోవడం, వందల శిక్షణ తరగతులు చేయలేని పని ఆ ఒక్క మెయిల్ చేసి ఉంటుంది. అంతటివాడే తప్పన్నాక, కింద కోడ్ రాసే పిల్ల ‘ఇది నా పొరపాటే’ అనడానికి ఎందుకు వణకాలి?

కిందివాళ్ల పని బెడిసికొట్టినప్పుడు ఏం చేశాడో కూడా చూడు. 2016 మార్చిలో వాళ్ల ‘టే’ అనే చాట్‌బాట్ ట్విట్టర్‌లో జనం నేర్పిన జాతి ద్వేషపు మాటలే తిరిగి పలికింది. ఒక్క రోజులోనే దాన్ని ఆపేశారు. లోకమంతా తిడుతుంటే నాదెళ్ల ఆ టీమ్‌కి, ఆగిపోవద్దని, తాను వాళ్లతోనే ఉన్నానని రాశాడు. అలాగని ఆయన్ని దేవుణ్ని చేయకు. 2014 జులైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించిందీ ఆయనే. మెత్తగా మాట్లాడే నాయకుడి కింద కూడా ఇళ్లలో పొయ్యి ఆరిపోవచ్చు. అది నువ్వు మరిచిపోతే నాకు బాధగా ఉంటుంది.

మెత్తదనం నేర్చుకోమని కాదు నేననేది. పని ఆలస్యమైతే ఎందుకైందో గట్టిగా అడుగు, గడువు పెట్టు. కాని ఆ కబురు తెచ్చినవాళ్లను మాత్రం ముందు కూర్చోబెట్టు, ‘చెప్పావు, మంచిపని చేశావు’ అను, ఆ తర్వాతే లెక్కలు. ఈ వరస తప్పితే నాలాగే పచ్చని షీట్ చూసుకుంటూ కూర్చుంటావు. నేను కసిరిన ఆ కుర్రాడు మూడు నెలలకు ఉద్యోగం మానేశాడు. క్షమించమని అతనికి చెప్పలేకపోయాను. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు.

నీ షీట్‌లో మొదటి ఎర్ర గడి ఎవరు పెట్టారో, వాళ్లతో నువ్వేమన్నావో ఆ రోజు రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న